తొమ్మిదో ఇల్లు

కత్తి ఇంకా గడప బయటే ఉంది.

తెల్లవారి గంప ఎత్తగానే కోళ్ళు బయటికొచ్చాయి. ఒక పెట్ట కత్తి దగ్గర ఆగి, రెండుసార్లు పొడిచి చూసి, తినేది కాదని తెలుసుకుని వెళ్ళిపోయింది. జమున నీళ్ళబిందెతో వచ్చి కత్తిని దాటి లోపలికెళ్ళింది. ఆమె వెనకే నిర్మల కూడా దాటింది. నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో అందరూ దాన్ని దాటుతూనే ఉన్నారు. ఎవరూ ముట్టలేదు.

జానెడు కత్తి. ఏడాదంతా పాత చీరముక్కలో చుట్టి అటక మీద ఉంటుంది. మామిడి కొత్తనాడు ఒక్కరోజు కిందికి దిగుతుంది. వెలగపుట్టులో కొత్త పండగ అయ్యేదాకా మామిడికాయ ఎవరూ తినరు. ఆ రోజు సంకుదేవుడి రాళ్ళ దగ్గర మొదటి కాయ కోసేది జమున అత్త సోములమ్మ. ఆమె కోసిన ముక్క నోట్లో పడ్డాకే ఊరికి మామిడి వచ్చినట్టు. ముప్పై ఏళ్ళుగా, ఒక్క ఏడు తప్ప, అదే కత్తి, అదే చెయ్యి.

ఆ కత్తిని నిన్న ఆమే అటక మీంచి తీసి, చీరముక్క విప్పి, గడప అవతల పెట్టేసింది. పెట్టమని ఎవరూ అనలేదు. కొత్త పండగ ఆదివారం. ఇంకా మూడు రోజులుంది.

అప్పటినుంచి మనవరాలు నిర్మలతో మాట్లాడటం లేదు.

"అంబలి సల్లారిపోతంది, తాగు," అంది జమున.

"మామ్మ తాగిందా?"

"తాగింది. కోపం నీ మీద. అంబలి మీద కాదు."

సోములమ్మ గోడవారన కూర్చుని అడ్డాకులు కుడుతోంది. మాట విన్నట్టే ఉంది గాని తల ఎత్తలేదు. ఈనెపుల్లని ఆకులో మామూలుకంటే గట్టిగా గుచ్చింది.

"మామ్మా, ఇవాళ ఎండ ఎక్కువగా ఉండేలా ఉంది," అంది నిర్మల, ఏదో ఒకటి అనాలని.

"జమునా, ఆ గుంటకి సెప్పు," అంది సోములమ్మ. "ఎండకేటి, కాత్తాది."

జమున కూతురి వైపు చూసింది. "ఇన్నావు కదా."

నిర్మల అంబలి గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. అప్పుడే పక్కింట్లోంచి చిన్నాన్న మంగ్లు వచ్చాడు. నోట్లో వేపపుల్ల ఉంది. కత్తిని చూసి, దాటకుండా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"ఏటే గుంటా, ఇళ్ళు లెక్కెట్టడానికి నీకు ఆ వరసే దొరికిందేటి?"

"పేర్లు రాయలేదు కదా చిన్నాన్నా. అంకెలే కదా వేశాను."

"అంకెలే! తొమ్మిదో ఇల్లు అని నువ్వు సదవగానే ఊరి తలకాయలన్నీ ఒక్కపాలి మన గుమ్మం కేసి తిరిగినాయి. నా ఇల్లు పదోది కాబట్టి బతికిపోయాను. ఒక్క గోడ తేడా!"

నిర్మల అంబలి ఒక గుక్క తాగింది. అతనన్నది నిజమే.

ఆమె కింద పట్నంలో, సముద్రం ఒడ్డునున్న యూనివర్సిటీలో, సామాజిక పరివర్తన విభాగంలో ఎం.ఏ. ఆఖరి ఏడాది చదువుతోంది. ఆఖరి ఏడాది ప్రతివాళ్ళూ ఒక పరిశోధన రాయాలి. నిర్మల తన ఊరి మామిడి కొత్త గురించి రాసింది. ముప్పై రెండు ఇళ్ళకీ తిరిగి నలభై ప్రశ్నలు అడిగింది. గడిచిన మూడేళ్ళలో కొత్తకి ముందు ఈ ఇంట్లో ఎవరైనా మామిడి తిన్నారా అన్నది వాటిలో ఒకటి. ముప్పై ఒక్క ఇళ్ళు లేదన్నాయి. ఒక్క ఇల్లు అవునంది.

పేర్లు బయటపడకూడదని ఇళ్ళకి అంకెలు వేసింది. ఎక్కడ మొదలుపెట్టాలని ఆలోచించలేదు. కొత్తకి ముందు బియ్యం అడగడానికి ఊరి పూజలు చేసే దిసారి బుట్ట ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి తిరుగుతుందో ఆ వరసలోనే వేసుకుంటూ పోయింది. పుట్టినప్పటినుంచీ ఆమె కళ్ళకి ఊరు ఆ వరసలోనే ఉంటుంది. ఊరందరి కళ్ళకీ అలాగే ఉంటుందని తట్టలేదు.

రాసింది ఎవరి గురించో వాళ్ళకి చదివి వినిపించాకే తనకివ్వాలని పరిశోధన చూసే అనురాధ మేడం నియమం. అందుకే నిన్న రాళ్ళ దగ్గర ఊరందరి ముందు చదివింది. మొదట నవ్వుకుంటూ విన్నారు. తొమ్మిదో ఇల్లు అనగానే పిల్లలు వేళ్ళు మడిచి పైకే లెక్కపెట్టారు. వేళ్ళు ఆగిన చోట నవ్వూ ఆగింది.

"పోనీ ఆ సివర్నుంచి మొదలెట్టినా బాగుణ్ణు," అన్నాడు మంగ్లు.

"అప్పుడు మనది ఇరవై నాలుగయ్యేది."

"ఇరవై నాలుగు దాకా ఎవుడు లెక్కెడతాడే? పదికే వేళ్ళయిపోతాయి!"

జమున కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సోములమ్మ ఆకు తిప్పి రెండో వైపు కుట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా," అన్నాడు మంగ్లు గొంతు తగ్గించి. "కత్తి లోపలెట్టు. ఊరేటీ అన్లేదు కదా."

"ఊరు అన్నాక ఎట్టడం ఏటి గొప్పరా?"

"మరి ఆదివారం కాయెవరు కోస్తారు? ఒదిన కోస్తాదా?"

"నేను కొయ్యను," అంది జమున. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఇప్పుడూ గట్టిగా అనలేదు. "అత్త తన సేత్తో ఇస్తే తీసుకుంతాను. గడప బయట పడీసిన కత్తి నాకొద్దు."

"తప్పు నాది," అంది నిర్మల. "ఆ అధ్యాయం తీసేస్తాను."

"ఇన్నోళ్ళ సెవుల్లోంచి కూడా తీసీగలవేటి?" మంగ్లు లేచి నిలబడ్డాడు. "సాయంత్రం దిసారి సోంబరు అందరినీ రాళ్ళకాడికి రమ్మన్నాడు. అమ్మని అడుగుతాడంట."

సోములమ్మ కుట్టిన విస్తరి పక్కన పెట్టింది. దూలానికి గుచ్చిన కొడవలి తీసుకుంది. గుమ్మం దాకా వచ్చి, కొడుకు తప్పుకునేదాకా ఆగి, కత్తిని దాటి, కాఫీతోట వైపు నడిచింది. వెనక్కి చూడలేదు.

*

ఊళ్ళో ఫోను పలకాలంటే తోట పైనున్న బండ ఎక్కాలి. నిర్మల ఎక్కేసరికి చెమట పట్టింది. కింద సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పూసింది. మొన్న పడ్డ వానకి కొమ్మ కొమ్మకీ తెల్లగా విచ్చుకుంది. ఆ వాసన బండ దాకా వస్తోంది.

"చెప్పమ్మా," అంది అనురాధ మేడం.

నిర్మల చెప్పింది. మధ్యలో ఫోను తెగిపోయిందేమోనని రెండుసార్లు చూసుకుంది.

"తిన్నది మీ నాన్నమ్మేనా?"

"అవును మేడం."

"ఎందుకు తిన్నారు?"

"అది... ప్రశ్నల పట్టికలో లేదు మేడం."

"పట్టికలో లేదని నాకూ తెలుసు. దాని మీద సంతకం పెట్టింది నేనే. అప్పుడు నాకూ తోచలేదు." మేడం గొంతులో కోపం లేదు. "నీకు తెలుసా అని అడుగుతున్నాను."

"తెలీదు మేడం."

"సోమవారం ఇవ్వాలి కదా. ఆ అధ్యాయం తీసేస్తే తీసేశానని ఒక్క మాట రాయి. నేను కారణం అడగను. కానీ ఇవాళ నా కోసం ఏమీ చెయ్యకు. మీ నాన్నమ్మ దగ్గరికి వెళ్ళు."

నిర్మల ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ విభాగంలో మొదటిరోజు ఇదే మేడం అందరికీ తలో కాగితం ఇచ్చి, మీరు పుట్టాక మీ ఇంట్లో మారినది ఒకటి రాయండి అంది. కొందరు ఫోను రాశారు, కొందరు బైకు రాశారు. నిర్మల, మా దిసారి తాత ఇదివరకు చుక్కలు చూసి కొత్త పెట్టేవాడు, ఇప్పుడు చుక్కలతో పాటు స్కూలు సెలవులు కూడా చూస్తున్నాడు అని రాసింది. మేడం దాన్ని పైకి చదివింది. క్లాసంతా నవ్వింది గాని మేడం నవ్వలేదు. దీన్ని వదలకు అంది. ఆ రోజు హాస్టలుకి నడిచిన దారి నిర్మలకి ఇప్పటికీ గుర్తుంది. అలాంటి సంతోషం ఆమెకి అంతకుముందు తెలీదు.

లైబ్రరీ పుస్తకాల్లో కొండ జనం గురించి పట్టికలు చాలా చూసింది. అన్నీ కింద నుంచి వచ్చినవాళ్ళు వేసినవే. తన పట్టిక అలా ఉండదనుకుంది. తను ఊరి పిల్ల.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. నెల కిందట గదిలో తనతో ఉండే భాను బీచిలో ఉప్పూకారం చల్లిన మామిడిముక్కలు కొని, పొట్లం చేతిలో పెట్టింది. సగం తిన్నాక గాని కొత్త కాలేదన్న మాట నిర్మలకి గుర్తు రాలేదు. గుర్తొచ్చాక మిగతా సగం కూడా తినేసింది. ఎవరితోనూ చెప్పలేదు. చెప్పుకునేంత సంగతి అనిపించలేదు.

బండ దిగింది.

*

తోట మధ్యలో ఉన్న పాత మామిడిచెట్టు కింద సోములమ్మ కలుపు కోస్తోంది. చెట్టు నిండా కాయలే. రాలినవి నేలమీద అలాగే పడున్నాయి. కోసిన గడ్డిని ఆమె వాటికి తగలకుండా పక్కకి వేస్తోంది.

నిర్మల కొంచెం దూరంలో కూర్చుని తనూ చేత్తో గడ్డి పీకడం మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యా రెండు కాఫీ మొక్కలున్నాయి. ఒక వరస అయింది. రెండో వరస సగమైంది.

"మామ్మా, ఎందుకు తిన్నావు?"

కొడవలి ఆగలేదు.

"కాయితం తెచ్చావా?"

"లేదు."

"పెన్ను?"

"లేదు మామ్మా."

కొడవలి ఇంకో నాలుగు పిడికిళ్ళు కోసింది. తరవాత ఆగింది.

"ఆ రోజు తిన్నావా అనడిగావు. తిన్నానన్నాను. ఏలని అడుగుతావేమోనని సూశాను. టిక్కు ఎట్టీసి ఆ తరవాత ఏటడిగావో గ్యాపకముందా?"

నిర్మలకి గుర్తుంది.

"ఇంట్లో టీవీ ఉందా అనడిగావు," అంది సోములమ్మ. "టీవీ నీ ఎనకాలే ఉంది. మీ అమ్మ సూత్తంది కూడాను. అయినా అడిగావు. ఉందని సెప్పాను."

నిర్మల తల వంచుకుంది. నవ్వు రావలసిన మాటే. రాలేదు.

"మీ అయ్యకి," అంది సోములమ్మ. కొడవలి కింద పెట్టింది.

నిర్మల చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. నాన్న బుధు పోయి రెండేళ్ళయింది. అప్పుడామె డిగ్రీ ఆఖరి పరీక్షలు రాస్తోంది. ఫోను చేసినప్పుడల్లా కామెర్లు తగ్గుతున్నాయనే చెప్పారు. ఆఖరి పరీక్ష అయ్యాక ఇంకో మాట చెప్పారు. ఆమె ఇంటికొచ్చేసరికి నాన్న మంచం గోడకి నిలబెట్టి ఉంది.

"నోరు సేదన్నాడు. గంజి నిలవలేదు, అంబలి నిలవలేదు. పులుపు కావాలన్నాడు. సింతపండు నోట్లో ఎడితే ఉమ్మీసినాడు. మామిడన్నాడు. కొత్తకి ఇంకా ఎనిమిది రోజులుంది." ఆమె చెట్టు వైపు చూడలేదు. "ఈ సెట్టుదే తెంపాను. కత్తి ముట్టలేదు. రాయికేసి కొట్టాను. ముక్క తీసి పెదాలకి రాశాను. నవ్వాడు. కొత్త వచ్చీసిందా అమ్మా అన్నాడు."

పైన ఏదో పిట్ట కొమ్మ మారింది.

"వచ్చీసింది అన్నాను."

సోములమ్మ ఒళ్ళో పడ్డ గడ్డి దులుపుకుంది.

"అయితే నువ్వు ముందు తిను అన్నాడు. కొత్తనాడు ఇంటికి పెద్దది తినకుండా ఎవులూ తినరు కదా. అంత జొరంలోనూ అది మర్సిపోలేదు నా కొడుకు. నేను తినకపోతే తెలిసిపోద్ది. అందుకని తిన్నాను. ఆడు సూత్తుండగా కాయంతా తిన్నాను. అప్పుడు ఆడు కూడా రెండుసార్లు నాకాడు."

అంతే. ఆమె మళ్ళీ కొడవలి తీసుకుంది, కొయ్యలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

నిర్మల, "సాయంత్రం ఇది చెప్తే ఎవరూ ఏమీ అనరు మామ్మా," అంది.

"సెప్పవు."

"చెప్తే కత్తి..."

"కత్తి కోసం దీన్ని ఊర్లో ఎట్టనే గుంటా. అది ఆడిది. నువ్వు ఆడి కూతురివి, అడిగావు, ఇచ్చాను. ఊరికి పెట్టమని ఇవ్వలేదు."

నిర్మల తలూపింది.

కాఫీ పూల వాసన గాలి తిరిగినప్పుడల్లా వచ్చి పోతోంది. ఆ మొక్కలు నాన్న నాటినవి. కాసేపటికి సోములమ్మ చెయ్యి చాపి మనవరాలి జుట్టులోంచి ఒక గడ్డిపోచ తీసి పారేసింది.

"అంబలి తాగావా?"

"తాగాను."

"ఉప్పు సాల్లేదు కదా?"

"చాల్లేదు."

"మీ అమ్మకి సెప్పకు, ఏడుస్తాది," అంది సోములమ్మ. లేచి, గడ్డిమోపు కట్టింది.

*

పొద్దు వాలుతుండగా ఊరు రాళ్ళ దగ్గర చేరింది. దిసారి సోంబరు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. చెవి కాస్త దూరం గాని ఆ మాట ఎవరైనా అంటే మాత్రం వినిపిస్తుంది.

"సోములమ్మప్పా. గుంట సదివింది నిజమేనా?"

"నిజమే."

"ఏ యేడు?"

"ముందటేడు."

"ముందటేడు కత్తి నీ సేతిలో లేదు. మీ ఇంట్లో మైల." సోంబరు వేళ్ళు మడుచుకున్నాడు. "ఆ యేడు కొత్తకి నిన్ను నేను అడగనే లేదు, అంటే కత్తి పట్టి అబద్ధం ఆడలేదు. బాగుంది. అయితే ఏల తిన్నావు?"

సోములమ్మ కొంగు సర్దుకుంది.

"అప్పా, అడుగుతున్నాను."

ఆమె ఎదురుగా కొండవైపు చూస్తూ కూర్చుంది. ముప్పై రెండు ఇళ్ళ జనం ఆ మౌనంలో కాళ్ళు సర్దుకున్నారు. నిర్మలకి జవాబు పళ్ళ దాకా వచ్చింది. ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యానికి ఇక్కడున్న ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటారు, కత్తి ఇంట్లోకి వచ్చేస్తుంది. రెండు చేతులూ మోకాళ్ళ కింద పెట్టుకుని అదిమి కూర్చుంది. మామ్మ తన వైపు చూడలేదు. చూడకుండానే గమనిస్తోందని నిర్మలకి తెలుసు.

"ముందటేడే కదా నా మిరియం కుళ్ళిపోయింది," అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"నీ మిరియానికి నువ్వు మందు కొట్టలేదు, అందుకు కుళ్ళింది," అన్నాడు మంగ్లు. "మా అమ్మ నోటికీ నీ మిరియానికీ ఏటి సంబంధం?"

నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల మధ్యలో పదిహేడో ఇంటి కోడలు మాధవి, చంకలో పిల్లతో లేచి నిలబడింది.

"తాతా, నాకో అనుమానం. సంతలో అమ్ముతారు కదా, సీసాలో మామిడి రసం. మా గుంట మొన్న అది తాగింది. అది లెక్కలోకొస్తాదా, రాదా?"

సోంబరు ఆలోచించాడు. "సీసాలోది సెట్టుకి కాయలేదు."

"మరెక్కడ కాసింది తాతా? సీసా మీద మామిడిపండు బొమ్మే ఉంది."

"బొమ్మ తిన్లేదు కదా!"

ఈసారి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోంచే ఇంకో గొంతు లేచింది. "నేను కేరళ పనికెల్లినప్పుడు తిన్నాను తాతా. అక్కడ కొత్త లేదు. అక్కడ తిన్నది ఇక్కడికొస్తాదా?" ఇంకొకామె, తన కొడుకు హాస్టల్లో తిన్నాడని, హాస్టలు ఊరి కింద లెక్కా, గవర్నమెంటు కింద లెక్కా అని అడిగింది. ఒక ముసలాయన, గాలికి రాలి పగిలిన కాయ వేలికి అంటుకుంటే వేలు నాకానని, అది తినడమేనా అని అడిగాడు.

"హొ, ఆగండి!" అన్నాడు సోంబరు. "ఇన్ని తినీసి గుంట అడిగితే లేదని ఏల సెప్పారు?"

"అది కాయితం సూసుకుంటా అడిగింది తాతా," అంది మాధవి. "కాయితం సూసి అడిగితే లేదనే నోటికొచ్చింది."

నిర్మల మనసులో పట్టిక మెల్లగా విడిపోయింది. ముప్పై ఒకటి ఇరవై తొమ్మిదైంది, ఇరవై ఐదైంది, ఆ తరవాత లెక్కపెట్టడం మానేసింది. రెండేళ్ళ చదువు, మూడు నెలల తిరుగుడు. బాధపడాలని తెలుస్తూనే ఉంది. కాని నవ్వొస్తోంది. ఊరు ఇంతసేపు తన ప్రశ్నని తనకంటే బాగా అడుగుతోంది. అడ్డం పడాలనిపించలేదు.

సోంబరు కర్రతో నేలమీద కొట్టాడు.

"ముప్పై రెండు ఇళ్ళలో ఒక్క ఇల్లే నిజం సెప్పింది. కత్తి ఆ ఇంట్లోనే ఉండాల. ఏల తిన్నాదో అది ఆమె కడుపులో మాట, నేనింక అడగను. అప్పా, ఎల్లి కత్తి లోపలెట్టు."

"ఎట్టను," అంది సోములమ్మ.

నవ్వులన్నీ ఆగాయి.

"నా సెయ్యి సాలు. ముప్పై ఏళ్ళు కోశాను. ఇంక ఇది కోస్తాది." ఆమె గడ్డం ఎత్తి నిర్మలని చూపించింది. "పొద్దున్నైతే ఇవ్వకపోదును. ఇప్పుడిస్తాను."

ఎందుకో ఆమె చెప్పలేదు. నిర్మలకి చెప్పనక్కర్లేదు.

"జమునా, నీకేటైనా అభ్యంతరమా?"

"మీ నోటితో ఇస్తన్నారు కదా అత్తా," అంది జమున. కూతురి వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. "ఎల్లే."

మంగ్లు అందరి వైపూ చూసి, "కాయితాలు మానీసి కాయలు కోస్తాదంట," అన్నాడు. అతని మొహం నిండా సంతోషమే.

నిర్మల రాళ్ళ ముందుకొచ్చి నిలబడింది. కత్తి పట్టే మనిషిని దిసారి ఏటా ఒక్క ప్రశ్న అడుగుతాడు. చిన్నప్పటినుంచీ వింటున్నదే. మామ్మ ఏటా లేదని ఒక్క మాటే చెప్పేది. ఊరు కూడా ఆ మాట కోసం అప్పుడే సగం లేచి నిలబడింది, ఇళ్ళకి పోవచ్చని.

సోంబరు గొంతు సవరించుకున్నాడు.

"ఈ యేడు, కొత్త రాకముందు, మామిడి ముట్టావా?"

తన ప్రశ్నే. ఇరవై రెండో ప్రశ్న.

బీచి గాలి, కాగితం పొట్లం, వేళ్ళకంటిన కారం. లేదు అన్న మాట నోటికి ఎంత దగ్గరగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ముప్పై ఒక్క ఇళ్ళ మీద ఆమెకి ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. లేదంటే ఎవరికీ తెలీదు. సముద్రం ఇక్కడికి చాలా దూరం.

"తిన్నాను తాతా."

లేవబోతున్నవాళ్ళు లేచినట్టే ఆగిపోయారు. మంగ్లు నుదురు కొట్టుకున్నాడు. జమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఈసారి నవ్వు కోసం కాదు. సోంబరు చేతిలో కర్ర కదల్లేదు. ఇలాంటి జవాబు వస్తే తరవాత ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

అంతలో సోములమ్మ తను కూర్చున్న రాయి మీద ఒక పక్కకి జరిగింది. ఖాళీ అయిన చోటు అరచేత్తో తుడిచింది.

"కూకో."

నిర్మల కూర్చుంది. మామ్మ చేతిలో కాగితం లేదు. తరవాతి ప్రశ్న కూడా ఉన్నట్టు లేదు. కింద తొమ్మిదో ఇంటి గడప ముందు, వాలుపొద్దు తగిలి కత్తి మెరుస్తోంది.

"ఏల తిన్నావు?" అంది సోములమ్మ. "తొందర్లేదు. ఇంకా పొద్దుంది, సెప్పు."